కొత్తల పండగ నుంచి వేదిక దాకా: మన ఆట, మన పాట, మన భాష
(సంఘం సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, కొండ దిగి ఇంత దూరం వచ్చిన అమ్మలకు, అయ్యలకు, తుడుం భుజాన వేసుకుని తెల్లారకముందే బస్సెక్కిన మన వాద్యగాళ్ళకు జోహార్లు. ఇంటర్, డిగ్రీ, బీఈడీ, నర్సింగ్, ఐటీఐ చదువుతూ ఈ సభకు వచ్చిన పిల్లలందరికీ ప్రేమతో ఆశీస్సులు.

సంఘం వారు మాకు ఇచ్చిన అంశం ‘శరత్కాలంలో మన ప్రాంతపు పాట, ఆట, నాటకం’. మేం పండితులం కాదు, హాస్టల్ వార్డెన్లం. పిల్లలకు వేళకి అన్నం పెట్టించి, అటెండెన్స్ వేసి, రాత్రి ఎవరికి జ్వరం తగిలిందో చూసుకునేవాళ్ళం. అయితే ఏ పిల్ల ఏ పాట పాడుతోందో, ఏ పాట పాడటం మానేసిందో మొదట చెవిన పడేది మాకే. బట్టలు ఉతుక్కుంటూ కూనిరాగం తీసేటప్పుడు తెలిసిపోతుంది. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతాం.

ముందు ఈ పట్నం సంగతి చెప్పుకుందాం. విజయనగరంలో కళల రుతువు సెప్టెంబరు 21న మొదలవుతుందని అనుకోవచ్చు. 1862లో ఆ రోజున గురజాడ అప్పారావు గారు పుట్టారు. 1915 నవంబరు 30న కన్నుమూశారు. దసరా, తొలేళ్ళు, సిరిమాను, దీపావళి, నాగులచవితి ఇంచుమించు ఈ రెండు తేదీల మధ్యే వస్తాయి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పెద్ద చింతమాను చివర పూజారి కూర్చుంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఆ ముందు రోజు సోమవారమే తొలేళ్ళు. ఆ రాత్రి పట్నం నిద్రపోదు. పులివేషాలు, కోలాటం, చెక్కభజన, సాముగరిడీలు, తప్పెటగుళ్ళు వీధివీధినా కనబడతాయి. తప్పెటగుళ్ళ యాదవులు రొమ్ముకి కట్టుకున్న రేకు తప్పెట మీద రెండు చేతులా దరువు వేస్తూ ఎగిరి ఆడుతుంటే, చూసేవాళ్ళ కాళ్ళు కూడా కదులుతాయి.

తొలేళ్ళ రాత్రి ఇంకొకటి కూడా జరుగుతుంది. పూజారి చేతి మీదుగా రైతులు విత్తనాలు తీసుకుంటారు. ఇంటికి పట్టుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. ఎన్ని లైట్లు పెట్టినా, ఎన్ని స్టేజీలు కట్టినా ఆ పండగకు మూలం పంటే. ఈ మాట గుర్తుంచుకోండి. కొండ మీద మన పండగ గురించి చెప్పేటప్పుడు మళ్ళీ దీనితో పని ఉంది.

ఇక ఇక్కడి సంగీత కళాశాల. 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. తర్వాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. ఇది పట్నం వాళ్ళ గొప్ప, మనకేమిటి సంబంధం అని మీలో కొందరు అనుకోవచ్చు. నారాయణదాసు గారిది అజ్జాడ. మన పిల్లలు రోజూ బస్సులో దాటే బలిజిపేట మండలంలోని ఊరు. ఘంటసాలకు గురువైన పట్రాయని సీతారామశాస్త్రి గారిది సాలూరు. సినిమా సంగీతంలో అంత పేరు తెచ్చుకున్న సాలూరి రాజేశ్వరరావు గారు 1922లో పుట్టిన శివరామపురం కూడా సాలూరు దగ్గరిదే. పాటతో జనాన్ని కదిలించిన వంగపండు ప్రసాదరావు గారిది పార్వతీపురం పక్కనున్న పెదబొండపల్లి. 2020లో పోయారు. మన కొండల కింద ఊళ్ళు ఇంతమంది సంగీతజ్ఞులను ఇచ్చాయి. వాళ్ళ పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ కొండల మీద పాడిన మన మామ్మల పేర్లు, తాతల పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

ఇప్పుడు కొండెక్కుదాం.

మన దగ్గర శరత్కాలం అనే మాట లేదు. కొత్తలు తినే రోజులంటాం. కొర్ర పండితే కొర్రకొత్త, సామ పండితే సామకొత్త, కంది చేతికొచ్చాక కందికొత్త. వర్షాలు వెనకపడి, పోడు మీద కొర్ర వెన్ను వంగే రోజుల్లో ఇది మొదలవుతుంది. చలి ముదిరాక కందికొత్త దాకా సాగుతుంది. కొత్త పంట ముందు దేవతకు, పితరులకు పెట్టాలి. ఆ తర్వాతే ఇంట్లో వాళ్ళు నోట పెట్టుకోవాలి. పండగ ఏ రోజో గోడ మీద క్యాలెండరు చెప్పదు. ఊరి పెద్దలు కూర్చుని, పూజారిని అడిగి తేల్చుకుంటారు. ఆ పూజారిని జన్ని అనండి, దీసరి అనండి, ఎజ్జోడు అనండి, ఒక్కో తెగలో ఒక్కో పేరు. అంటే మన పండగకూ మూలం పంటే. పైడితల్లి తొలేళ్ళలో విత్తనం పంచితే, మన కొత్తల్లో పంటను పంచుకుంటాం. పట్నం పండగ, కొండ పండగ దూరపు చుట్టాలేం కాదు, దగ్గర బంధువులే.

ఆ రాత్రి ఆట ఉంటుంది. థింసా గురించి మీకు చెప్పనక్కర్లేదు. ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు కలిపి పట్టుకుని, గొలుసులా మెలికలు తిరుగుతూ ఆడతారు. తుడుం, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు వాయిద్యాలు. సవరల ఆట వేరు. మగవాళ్ళు తలపాగాలో నెమలి ఈక పెట్టి, కర్రలు, గొడుగులు పట్టుకుని, ఆడవాళ్ళ వరసకు ఎదురుగా కదులుతారు. అరకు వైపు చాలా ఊళ్ళలో ఆడేది ఒక తెగ అయితే వాయించేది ఇంకో తెగ. ఆట అంటే రెండు తెగల మధ్య ఒప్పందం కూడా అన్నమాట.

ఈ ఆటలో చూసేవాళ్ళు విడిగా ఉండరు. ఇది ముఖ్యమైన సంగతి. అలసిపోయినవాళ్ళు పక్కకొచ్చి కూర్చుంటారు, ఊపిరి తీసుకుని మళ్ళీ లేస్తారు. ఎనిమిదేళ్ళ పిల్ల గొలుసు చివర వేలాడుతూ అడుగు నేర్చుకుంటుంది. అడుగు తప్పితే ముందున్న అక్క నడుమే లాగి సరిచేస్తుంది. పాట కూడా అంతే. ముందు ఒకరు అందుకుంటారు, మిగతావాళ్ళు తిరిగి అంటారు. ఎవరూ బోర్డు మీద రాయరు. అదే మాట నలభైసార్లు వినేసరికి నోటికొస్తుంది. ఆ రాత్రే మన సంగీత కళాశాల. దానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. ఒకే ఒక్క షరతు ఉంది. ఆ రాత్రి ఆ ఊళ్ళో ఉండాలి.

చిక్కు అక్కడే వచ్చింది.

మన పిల్ల మూడో తరగతిలోనో అయిదో తరగతిలోనో ఆశ్రమ పాఠశాలకో, గురుకులానికో వస్తుంది. పదో తరగతి దాకా మా దగ్గరే. తర్వాత పోస్ట్ మెట్రిక్ హాస్టల్, తర్వాత పట్నం. ఆటలో అడుగు నేర్చుకోవలసిన వయసు, పాట నోటికి రావలసిన వయసు మొత్తం మా హాస్టల్ గదుల్లోనే గడుస్తుంది. దసరా సెలవులు పదో పన్నెండో రోజులు. కొర్రకొత్త ఆ రోజుల్లో పడితే పిల్ల ఊళ్ళో ఉంటుంది. వారం ముందు పడినా, పది రోజులు వెనక పడినా పిల్ల ఇక్కడ యూనిట్ టెస్ట్ రాస్తూ ఉంటుంది. సంక్రాంతి సెలవుల తర్వాత కందికొత్త వస్తే అదీ పోయినట్టే. అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎన్ని కొత్తల పండగలకు ఊళ్ళో ఉన్నావని హాస్టల్లో ఒక్కొక్కరినీ అడిగి చూశాం. కొందరు ఒక చేతి వేళ్ళతో లెక్క చెప్పారు. ఇద్దరు ముగ్గురు లెక్కపెట్టడానికి వేలే ఎత్తలేదు.

చదువు వద్దని ఎవరూ అనరు. మేం అసలే అనం. మనలో మొదటి తరం టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు ఈ హాస్టళ్ళ నుంచే వచ్చారు. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల కింద ఇన్ని బడులు లేకపోతే ఈ రోజు ఈ హాల్లో సగం కుర్చీలు ఖాళీ. పాట ఎందుకు పోతోందని అడిగితే ‘డీజే వల్ల’, ‘సెల్ఫోన్ వల్ల’ అని పెద్దలంటారు. డీజే తర్వాత వచ్చింది. పాడేవాళ్ళు తగ్గాక, ఆ ఖాళీలోకి వచ్చింది. ఊళ్ళో పదిమంది కుర్రాళ్ళకు తుడుం కొట్టడం వస్తే సౌండ్ బాక్సులకు వేలకు వేలు అద్దె ఎందుకు కడతారు? తుడుం చేతకాకే బాక్సులు తెస్తున్నారు. రోగం ఎక్కడుందో తెలిస్తేనే మందు వేయగలం.

ఒక ఊళ్ళో పెద్దాయన్ని అడిగాం. తాతా, పండగ దసరా సెలవుల్లో పెట్టుకుంటే పిల్లలు కూడా ఉంటారు కదా అని. ఆయన నవ్వాడు. “ఎన్నెల సూసుకోవాల, కొర్ర పండిందా నేదా సూసుకోవాల. నీ కేలండర్లో అవెక్కడుంటాయమ్మా?” అన్నాడు. ఆయన మాట నిజమే. కొండకు మనం తేదీ ఇవ్వలేం. అయితే అదే తాత కాసేపాగి ఇంకో మాట అన్నాడు. “పండగ జరపలేం గానీ పాట జరపొచ్చు. గుంటలొచ్చినప్పుడు రాత్రి కూసోబెడితే నేర్పుతాం. ఎవులూ అడగనేదు.” ఈ ప్రసంగం అంతటిలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకునేటట్టయితే ఆ తాత చెప్పిన చివరి మాట గుర్తుపెట్టుకోండి. ఎవులూ అడగనేదు.

ఇక వేదికల సంగతి. దసరా ఉత్సవాలు, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం, 2021 నుంచి నవంబరు 15న బిర్సా ముండా జయంతి రోజున జరుగుతున్న జనజాతీయ గౌరవ దివస్. వీటన్నిటికీ మన బృందాలకు పిలుపు వస్తోంది. సంతోషం. వేదిక వద్దనేది మా మాట కాదు. అయితే వేదిక మన ఆటను ఏం చేస్తోందో చూడండి. వలయం విప్పి వరస చేస్తాం, ఎందుకంటే వీపు చూపిస్తే ఫొటో రాదు. తెల్లవార్లూ సాగే ఆట ఎనిమిది నిమిషాలవుతుంది. ముందు నెమ్మదిగా ఉండే దరువు కోసేసి చివర వేగంగా ఉండేది ఒక్కటే ఉంచుతాం, చప్పట్లు దానికే పడతాయి గనక. ఎదురెదురుగా ఆడే ఆటలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేసి అందరం కెమెరాను చూస్తాం.

ఒక పట్నంలో ఒక ఉత్సవానికి మన సవర బృందాన్ని తీసుకెళ్ళాం. మైకులో ‘ఇప్పుడు గిరిజనుల థింసా నృత్యం’ అని చెప్పారు. అది థింసా కాదు, సవరల ఆట అని చీటీ రాసి పంపించాం. ఆట అయిపోయింది. చీటీ చదవలేదు. పిల్లలు బస్సులో తిరిగొస్తూ “అమ్మా, మనం ఆడింది ఏటని రాస్తారు పేపర్లో?” అని అడిగారు. మరుసటి రోజు ఫొటో కింద ‘ఆకట్టుకున్న గిరిజన నృత్యం’ అని ఉంది. ఊరి పేరు లేదు. తెగ పేరు లేదు. 2011 జనాభా లెక్కల్లో సవరలు లక్షకు పైనే ఉన్నారు, జాతాపులూ లక్షకు పైనే. గదబలు, కొండదొరలు, కువి మాట్లాడే కోందులు ఉన్నారు. ఇన్ని తెగలు, ఇన్ని భాషలు కలిసి ఒక్క ‘గిరిజన నృత్యం’ ఎలా అవుతాయి?

మైకు పట్టుకున్న మనిషి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆయనకు చెప్పవలసింది మనమే, ముందే, కాగితం మీద. దాని గురించి చివర చెబుతాం.

నాటకం దగ్గరికొద్దాం. ఇది మన యువత ఎక్కువగా ఆలోచించని దారి.

ఈ విజయనగరంలో మహారాజా వారి బడిలో ఇద్దరు పిల్లలు కలిసి చదువుకున్నారు. ఒకరు గురజాడ అప్పారావు. ఇంకొకరు గిడుగు రామమూర్తి. గురజాడ గారి ‘కన్యాశుల్కం’ 1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడారు. నాటకమంటే పద్యాలు, గ్రంథాల భాష ఉండాలనుకునే రోజుల్లో ఇళ్ళలో, వీధుల్లో జనం మాట్లాడే మాటను ఆయన స్టేజీ ఎక్కించారు. బంట్రోతు మాట బంట్రోతుదే, పూటకూళ్ళమ్మ మాట పూటకూళ్ళమ్మదే. మనం మాట్లాడే మాటకు స్టేజీ మీద నిలబడే అర్హత ఉందని ఈ ఊరు అప్పుడే చూసింది.

గిడుగు గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు బళ్ళు పెట్టారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. మన బడుల్లో కూడా దండలు వేస్తాం. ఆ రోజున ఆయన సవర కోసం పడిన కష్టం గురించి ఎన్ని బడుల్లో చెబుతున్నారు? మన పిల్లలున్న బడిలోనైనా చెప్పాలి కదా.

ఒక స్నేహితుడు జనం మాటను నాటకంలో పెట్టాడు. ఇంకో స్నేహితుడు మన మాటకు వ్యాకరణం రాశాడు. ఆ రెండు పనులనూ కలిపితే సవరలో ఒక నాటకం, కువిలో ఒక నాటకం, గదబలో ఒక నాటకం. ఆ పని మీకోసం మిగిలి ఉంది. అది రాయవలసింది బయటివాళ్ళు కాదు. మీ నాన్న మాట, మీ మామ్మ తిట్టు, సంతలో కాటా దగ్గర జరిగే వాదన, ఇవి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

ఈ ప్రాంతంలో కథ చెప్పి జనాన్ని కూర్చోబెట్టే విద్యకు కొదవ లేదు. లాగి పట్టిన తీగను మీటుతూ చెప్పే జముకుల కథ ఉంది. ఉద్దానంలో బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి 1960ల చివర్లో ఆ పాత కథారూపంలోనే గిరిజనుల వెట్టి గురించి, అప్పుల గురించి చెప్పారు. 1969 డిసెంబరులో ప్రాణాలు కోల్పోయారు. ఆ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. కళ వరకు నేర్చుకోవలసింది ఏమిటంటే, పాత వాయిద్యం మీద కొత్త కష్టం చెబితే జనం వింటారు. మన కష్టాలు ఇప్పుడు ఏమున్నాయి? రోడ్డు లేక డోలీలో మోసుకెళ్ళే గర్భిణులు. జీడిపిక్కకు, చింతపండుకు రేటు. పోడు పట్టా. పదో తరగతి కాగానే పెళ్ళి చేసేస్తామనే ఇల్లు. ఒక్కొక్కటీ ఇరవై నిమిషాల నాటకం. తుడుం చాలు, లైట్లు అక్కర్లేదు.

భాష సంగతి ఇంకొక్కటి చెప్పాలి. జాతాపుల్లో చాలామంది కువి వదిలేసి తెలుగే మాట్లాడుతున్నారని మీకు తెలుసు. మాట పోయిన ఇంట్లో కూడా పాటలో కొన్ని ముక్కలు మిగులుతాయి. అర్థం తెలియకుండా పాడే ఆ ముక్కలే మన పాత భాష. పాట పోతే ఆఖరి ఆనవాలు కూడా పోతుంది. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 దాకా ఆదివాసీ భాషల దశాబ్దం అని ప్రకటించింది. పదేళ్ళలో కొన్ని అప్పుడే అయిపోయాయి. మా హాస్టల్ పిల్లల ఊళ్ళలో ఒకచోట మోరి ఊదే తాత ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయాక మోరి ఇంటి చూరులో ఉంది. ఊదేవాళ్ళు లేరు. ఆ ఊరి ఆట ఇప్పుడు డప్పు మీదే నడుస్తోంది. ఆయన మనవడు మా దగ్గరే ఇంటర్ దాకా చదివాడు. తెలివైనవాడు. తాత దగ్గర కూర్చునే రాత్రులు మాత్రం వాడికి దొరకలేదు.

ఇప్పుడు మీరు చేయగలిగిన పనులు. పెద్ద పెద్ద మాటలు వద్దు, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టగలిగినవి చెబుతాం.

మొదటిది, అడగండి. ఇంటికెళ్ళిన రెండో రాత్రే మీ ఊళ్ళో పాట తెలిసిన మామ్మ దగ్గర, వాయిద్యం తెలిసిన తాత దగ్గర కూర్చోండి. ఒక్క సెలవుకి ఒక్క పాట, ఒక్క దరువు చాలు. పది పాటలు రికార్డు చేసుకున్నవాడి కంటే ఒక పాట నోటికొచ్చినవాడే ఊరికి ఎక్కువ పనికొస్తాడు.

రెండోది, రికార్డు చేయండి, పద్ధతిగా చేయండి. ముందు అనుమతి అడగండి. మొదట వాయిద్యం లేకుండా పాట ఒక్కటే పాడించండి, లేకపోతే మాటలు తుడుంలో కలిసిపోతాయి. తర్వాత వాయిద్యంతో తీసేటప్పుడు ఫోన్ తుడుం పక్కన పెట్టకండి, పది అడుగుల దూరంలో పెట్టండి. రికార్డింగు మొదట్లోనే తేదీ, ఊరు, పాడేవారి పేరు, ఏ పండగ పాటో మీ నోటితో చెప్పండి. అలా చెప్పకపోతే పదేళ్ళ తర్వాత అది ఎవరి పాటో మీకే తెలియదు. తర్వాత మాటలు తెలుగు లిపిలో రాసుకోండి. సవరలో గొంతు ఒక్క క్షణం ఆగి పలికే శబ్దం ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి వచ్చినవాళ్ళు అందులోనూ రాయండి.

మూడోది, అన్ని పాటలూ స్టేటస్ పెట్టేవి కావు. చావు దగ్గర పాడేవి, పితరులను పిలిచేవి, పూజారి ఒక్కడే అనేవి ఉంటాయి. ‘ఇది బయట పాడకూడదమ్మా’ అని మామ్మ అంటే అక్కడితో ఆగండి. రీల్స్‌కి లైకులు వస్తాయని ఆ మాట దాటకండి. ఏది దాచుకోవాలో తెలియడం కూడా ఆ విద్యలో భాగమే.

నాలుగోది, వేదికెక్కే ముందు కాగితం ఇవ్వండి. దాని మీద అయిదు వాక్యాలు చాలు. మా తెగ పేరు ఇది, ఊరు ఇది, ఆట పేరు ఇది, ఏ పండగకు ఆడతాం, పాట ఏ భాషలో ఉంది. ఇది మైకులో చదివితేనే మొదలుపెడతామని మర్యాదగా చెప్పండి. మర్యాదగా చెబితే చాలామంది వింటారు. బస్సు ఛార్జీ, భోజనం, పారితోషికం ఎంతో ముందే అడగండి. సన్నాయి వాద్యకారుడు అడిగితే తప్పు కానిది, తుడుం వాయించే తాత తరఫున మీరు అడిగితే తప్పెలా అవుతుంది? వీలైన చోట స్టేజీ వద్దు, మైదానం ఇవ్వండి, వలయంగా ఆడతాం, చూసేవాళ్ళు చుట్టూ కూర్చుంటారని అడగండి.

అయిదోది, వచ్చే ఏడాది కొత్తల వేళకు ప్రతి హాస్టల్ నుంచి ఒక చిన్న నాటకం, మీ భాషలో. తెలుగు వచ్చినవాళ్ళకు అర్థం కాదేమోనని భయపడకండి. కథ బాగుంటే సగం ముఖాల్లోనే అర్థమవుతుంది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019 నుంచి నడుస్తోంది. అక్కడ చదివే మన పిల్లలు చిన్న తరగతుల వాళ్ళకు రాయడంలో, ఆడటంలో సాయం చేయవచ్చు.

వార్డెన్లుగా మా వంతు మేం చేస్తున్నాం. శనివారం రాత్రి చదువు గంట అయ్యాక ముప్పావు గంట పాటకు ఇస్తున్నాం. ఊరి నుంచి బిడ్డను చూడటానికి వచ్చిన తల్లిని “ఉత్తి చేతులతో పంపం, ఒక పాట నేర్పి వెళ్ళండి” అని పట్టుకుంటున్నాం. మొదట్లో సిగ్గుపడేవారు. ఇప్పుడు కొందరు అడగకముందే కొంగు నడుముకి చుట్టుకుంటున్నారు. పిల్లలు వరండాలోనే వలయం కడుతున్నారు. పక్క తెగ పిల్ల అడుగు తప్పితే మన పిల్ల సరిచేస్తోంది. కొత్తల పండగకు ఇంటికి వెళ్ళే పిల్లకు రెండు రోజులు అనుమతి ఇవ్వడం గురించి సంఘం పెద్దలు అధికారులతో మాట్లాడితే ఇంకా మంచిది. ఈ సభ తరఫున ఆ అర్జీ పెట్టాలని కోరుతున్నాం.

ఇక మీ వంతు. ఈ సాయంత్రం ఈ హాల్లో తుడుం తెచ్చుకున్న తాతలు ఆరుగురున్నారు. సభ అయ్యాక భోజనాల దగ్గర వాళ్ళ పక్కన కూర్చోండి. పేరు అడగండి, ఊరు అడగండి, మొదటి దరువు ఎలా పడుతుందో అడగండి. కర్రలు వాళ్ళే మీ చేతికిస్తారు.